నొగ మీద బరువు

ఎడ్లబండిలో బస్తాలు సర్దేటప్పుడు అనుభవమున్న రైతు చూపు కాడి మీదే ఉంటుంది. బరువు ముందుకు ఎక్కువైతే ఎడ్ల మెడలు వంగిపోతాయి. వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. అమెరికాలో పికప్ ట్రక్కు వెనక క్యాంపర్ ట్రైలర్ తగిలించేవాళ్లదీ ఇదే లెక్క. వాళ్లు టంగ్ వెయిట్ అనేది మన నొగ బరువే. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం నొగ మీద ఆనాలి. తగ్గితే హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. మరీ పెరిగితే ట్రక్కు వెనక కుంగి, ముందు చక్రాలు తేలిపోయి, స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

పెద్ద ట్రైలర్ కొనబోయేవాళ్లను మురిపించేది ప్రకటనలోని అంకె. ట్రక్కు 5,000 కిలోలు లాగుతుంది, ట్రైలర్ సామానుతో కలిపి 3,400 కిలోలే, ఇంకేం కావాలి? పని తెలిసినవాడు మాత్రం డ్రైవర్ డోరు తెరిచి, చట్రానికి అంటించిన స్టిక్కర్ చదువుతాడు. మనుషులూ సామానూ కలిపి ఆ బండి ఎంత మోయగలదో అందులో ఉంటుంది. 700 కిలోలు అనుకుందాం. నొగ బరువు 13 శాతం చొప్పున 442, నలుగురు మనుషులు 260, ట్రక్కులో సామాను 60, ట్రైలర్ తగిలించే హిచ్ ఇనుము 45. మొత్తం 807. లాగే బలం ఇంకా ఉంది, మోసే బలమే చాల్లేదు.

లాగే అంకెకూ ఒక కథ ఉంది. ఒకప్పుడు ఏ కంపెనీ పద్ధతి దానిదే. 2008లో జే2807 అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి 11.4 మైళ్ల ఘాట్ రోడ్డు దానికి కొలబద్ద. మండే ఎండలో, ఏసీ పూర్తిగా తిప్పి, మామూలు పికప్ వేగం గంటకు 40 మైళ్లకు తగ్గకుండా ఆ ఎత్తు ఎక్కాలి. 2011 మోడళ్లతో టొయోటా అందరికన్నా ముందు దీన్ని పాటించింది.

అసలు పనితనం తగిలించే చోట కనిపిస్తుంది. పని తెలిసినవాడు ముందుగా టేపు తీసి, ఖాళీ ట్రక్కు ముందు చక్రం పైన ఫెండర్ అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో కొలుస్తాడు: 95 సెంటీమీటర్లు. ట్రైలర్ ఆనగానే అది 98 అవుతుంది. అప్పుడు స్ప్రింగు ఉక్కు బార్లు రెండింటిని హిచ్ తలలోకి దూర్చుతాడు. వాటి గొలుసులను చేతిబలంతో లాగడు. నొగను జాకీతో లేపి, ట్రక్కు వెనక భాగం కూడా లేచాక, లంకెలు లెక్కపెట్టి తగిలిస్తాడు. జాకీ దించగానే బార్లు విల్లులా వంగి, వెనక ఇరుసు మీది బరువులో కొంత ముందు ఇరుసుకూ, కొంత ట్రైలర్ ఇరుసులకూ నెడతాయి. మళ్లీ టేపు: 96. ఎంత దిగాలో ట్రక్కు పుస్తకం చెబుతుంది, ఒక్క లంకె మార్చినా కొలత మారుతుంది. సేఫ్టీ గొలుసులను నొగ కింద ఒకదానిమీదొకటి అడ్డంగా వేస్తాడు. హిచ్ మీది బాల్ నుంచి నొగ ఊడినా రోడ్డుకు గుద్దుకోకుండా ఆ ఉయ్యాల్లో పడుతుంది.

చివరికి ట్రక్కు స్టాపులో కాటా ఎక్కిస్తాడు. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు వేరువేరుగా తూగి చీటీ వస్తుంది. బార్లు బిగించి ఒకసారి, వదులు చేసి ఒకసారి, ట్రైలర్ విప్పి ఒకసారి. ట్రైలర్‌లోని 150 లీటర్ల నీళ్ల ట్యాంకు నిండుగా ఉంటే ఆ 150 కిలోలూ చీటీకి ఎక్కుతాయి.

బార్లు బరువును పంచగలవు గానీ స్టిక్కర్ మీది 700ను పెంచలేవు. చీటీ చూశాక కుదరదని తేలితే మంచి పనివాడు ఇంకో లంకె బిగించడు. గొలుసులు విప్పి, పెద్ద ట్రక్కు డోరు తెరిచి స్టిక్కర్ చదువుతాడు.