గుడి పక్క ఇల్లు: తెలుగు సాహిత్యంలో గ్రామీణ లూథరన్ పాస్టరు కుటుంబం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు నేలపై లూథరన్ సంఘ చరిత్ర 1842లో ప్రారంభమైంది. పల్లెలకు అక్షరాన్ని చేర్చిన వారిలో ఉపదేశులు, పాస్టర్లు ముఖ్యులు. అయినా ఆధునిక తెలుగు సాహిత్యంలో పాస్టరు కుటుంబం కేంద్రస్థానంలోకి రావడం అరుదు. ఈ లోటుకు గల కారణాలను మాలపల్లి, గబ్బిలం, అంటరాని వసంతం రచనల ఆధారంగానూ, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల మిషన్ చరిత్ర ఆధారంగానూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: లూథరన్ సంఘం, పాస్టరు, ఉపదేశి, దళిత క్రైస్తవం, కొల్లేరు, అంటరాని వసంతం, జాషువా.

1. ప్రవేశిక:
తెలుగు భాషా సాహిత్యాలకు క్రైస్తవ మిషనరీలు చేసిన సేవ గురించి విశ్వవిద్యాలయాల్లో విస్తృతంగానే పరిశోధన జరిగింది. బైబిలు అనువాదం, నిఘంటు నిర్మాణం, ముద్రణ, పాఠశాలల స్థాపన అందులో ప్రధానాంశాలు. అయితే ఆ పరిశోధనలో కర్తగా కనిపించేది ఎక్కువగా విదేశీయుడే. దొరగారు పట్నంలోని బంగళాలో ఉండేవారు. పల్లెలో గుడి పక్కన చిన్న ఇంట్లో ఉండి, పగలు పిల్లలకు ఓనమాలు దిద్దించి, రాత్రి కూలి నుంచి వచ్చినవారిని కూర్చోబెట్టి కీర్తనలు నేర్పినవాడు తెలుగువాడు. మొదట అతడు ఉపదేశి, తరువాత అభిషేకం పొందిన పాస్టరు. సంఘం అతణ్ణి 'అయ్యగారు' అనీ, అతని భార్యను 'అమ్మగారు' అనీ పిలిచింది. పల్లె బయట ఎవరూ 'గారు' చేర్చి పిలవని కులాల్లో పుట్టినవారికి ఈ పిలుపు దక్కడం సామాన్య విషయం కాదు. ఆ ఇంటిని సాహిత్యం ఎందుకు పట్టించుకోలేదన్నదే ఇక్కడి ప్రశ్న.

2. మూడు మిషన్ల కూడలి:
జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జులై 31న గుంటూరు చేరడంతో తెలుగు ప్రాంతంలో అమెరికన్ లూథరన్ మిషన్ మొదలైంది. ఉత్తర జర్మనీ మిషన్ సంఘం 1845లో రాజమండ్రిలో ప్రారంభించిన పని కొద్ది సంవత్సరాలకే అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. 1869లో ఆ క్షేత్రాన్ని ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించే ప్రతిపాదన వచ్చినప్పుడు, డెబ్బై ఏళ్ళు దాటిన హయ్యర్ దాన్ని ఆపించి, తిరిగి రాజమండ్రికి వచ్చారు. తరువాతి దశాబ్దాల్లో ఆ మిషన్ తాడేపల్లిగూడెం, భీమవరం వైపు విస్తరించింది.

ఏలూరు చరిత్ర వేరు. అక్కడ 1854 నుంచి చర్చి మిషనరీ సొసైటీ పనిచేసింది. కొల్లేటికి దగ్గరగా ఉన్న ఆకివీడు కెనడియన్ బాప్టిస్టుల కేంద్రం. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు అందులో కలిశారు, లూథరన్లు విడిగానే ఉండిపోయారు. కాబట్టి ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరుల మధ్య పెళ్ళి సంబంధం కలుపుకున్న కుటుంబంలో వియ్యంకుల ఆరాధనక్రమాలు వేరు కావచ్చు, కులం మాత్రం ఒకటే. మిషన్లు గీసిన ఎల్లలకన్నా కులబంధుత్వం ఎంత బలమైనదో ఈ ప్రాంతం చూపుతుంది.

భౌగోళికత కూడా ఈ వృత్తిని తీర్చిదిద్దింది. బుడమేరు, తమ్మిలేరు వరద తెచ్చినప్పుడు కొల్లేటి లంక గ్రామాలకు దోనెలే దారి. ఒక పాస్టరు కింద అనేక గ్రామాల సంఘాలు ఉండడం వల్ల అతని ఆదివారం ఒక ఊరితో ముగియదు. అతడు లేని రోజుల్లో రోగి దగ్గర ప్రార్థన, చదువు రాని స్త్రీలకు వాక్యపాఠం, పిడికిలి బియ్యం లెక్క అమ్మగారి బాధ్యతలు. జీతం ఒకరికి, పని ఇద్దరికి. ఉండే ఇల్లు సంఘానిది, బదిలీ పై అధికారులది. ఈ ఇంటి ఆర్థిక నిర్మాణాన్ని గమనించకుండా పాస్టరును కేవలం మిషన్ ప్రతినిధిగా చూడడం అసమగ్రం.

3. భక్తుని ఇల్లు, ఉపదేశి ఇల్లు:
ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో ఉండి రాసిన 'మాలపల్లి' 1922 నాటి నవల. అప్పటికి గుంటూరులో లూథరన్ మిషన్‌కు ఎనభై ఏళ్ళు. ఉన్నవ కార్యక్షేత్రం కూడా గుంటూరే. అయినా నవలకు కేంద్రం వైష్ణవ భక్తుడైన రామదాసు ఇల్లు. మాలపల్లిలో అక్షరం, పాట, ఆధ్యాత్మిక చింతన ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో ఉన్నవ చూపారు. అదే కాలంలో, అదే పల్లెల్లో అటువంటి లక్షణాలున్న రెండో ఇల్లు ఉపదేశిది. నవల మొదటి ఇంటిని ఎంచుకుంది. జాతీయోద్యమ రచయితగా ఉన్నవకు ఈ ఎంపిక సహజం. కానీ తరువాతి విమర్శ మొదటి ఇంటినే దళిత ఆధ్యాత్మికతకు ఏకైక రూపంగా స్వీకరించడం సమంజసం కాదు.

నిజానికి ఈ రెండు ఇళ్ళ మధ్య గోడ పలుచనిది. ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు ఉద్యమానికి ఆద్యుడైన యర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడు కాకముందు రాజయోగ మార్గాన్ని అనుసరించినవాడు. పురుషోత్తమ చౌధరి మొదలైనవారి క్రైస్తవ కీర్తనలు రాగతాళాలతో, పల్లవి చరణాలతో నడిచే దేశీయ రూపాలు. పాత భజన గుంపు అలవాట్లతోనే కొత్త పాట పల్లెలోకి వచ్చింది. ఉపదేశి ఇల్లు భక్తుని ఇంటికి విరుద్ధం కాదు, కొంతమేరకు దాని కొనసాగింపు.

జాషువా విషయం మరింత ఆలోచింపజేస్తుంది. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, గుంటూరులోని లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పదేళ్ళు పనిచేసిన కవి ఆయన. అయినా 'గబ్బిలం' (1941) నాయకుడు తన మొరను కాశీ విశ్వనాథుడికి పంపుతాడు. సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన 'క్రీస్తు చరిత్ర' క్రీస్తును గూర్చిన కావ్యం, క్రైస్తవ ఇంటిని గూర్చినది కాదు. ఆనాటి పద్యపాఠకుడు అంగీకరించే పరిధిలోకి పురాణం వస్తుంది, కాశీ వస్తుంది, క్రీస్తు కూడా వస్తాడు. పల్లె పాస్టరు మాత్రం రాడు. ఇది కవి లోపం కాదు. సాహిత్య సభకు ఉన్న ద్వారం కొలత అది.

4. జ్ఞాపకంగా నిలిచిన స్త్రీ:
జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) ఈ కొలతను మార్చింది. శివయ్య సీమోనుగా మారడం, అతని కుమారుడు రూబేను తన మూలాలను వెతుక్కోవడం, ఆ తరాల కథంతా రూతు జ్ఞాపకాల నుంచి రావడం నవల నిర్మాణంలో కీలకం. ఇక్కడ క్రైస్తవ నామం కథకు అలంకారం కాదు, చరిత్ర. మతం మారినా కులం వెంటాడిన సంగతిని కూడా నవల దాచలేదు.

జ్ఞాపకాన్ని మోసేది స్త్రీ కావడం గమనార్హం. కొల్లేటికి సమీపంలోని గుడివాడ స్లేటర్‌పేట నేపథ్యం ఉన్న సుజాత గిడ్ల ఆంగ్ల రచన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' (2017) కూడా తల్లి మంజుల, మేనమామ కె.జి. సత్యమూర్తి చెప్పిన సంగతుల నుంచే రూపొందింది. అది పాస్టరు ఇంటి కథ కాదు, మిషన్ బడి పంతుళ్ళ కుటుంబ కథ. కానీ రెండు ఇళ్ళూ ఒకే ఆవరణ నుంచి వచ్చినవి. చదువు ఆ ఇంటి పిల్లలను ఊరి నుంచి బయటికి తీసుకుపోయింది, కులం నుంచి తీసుకుపోలేదు.

5. రిజిస్టరులోని పేరు:
ఈ ఇంటి అసలు సంఘర్షణ కాగితం మీద ఉంది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు మూడవ పేరా షెడ్యూల్డు కుల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులకు విస్తరించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారికి మిగిలింది బి.సి. – సి వర్గం, అందులో ఒక శాతం రిజర్వేషన్. క్రైస్తవం స్వీకరించినవారు అత్యాచారాల నిరోధక చట్టం రక్షణను కోరలేరని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యంలో ఫిర్యాదుదారు పాస్టరే కావడం యాదృచ్ఛికంగా తోచదు.

సంఘంలోని సామాన్య సభ్యుడు గుడిలో ఒక పేరుతో, బడిలో ఇంకొక పేరుతో బతకగలడు. పాస్టరుకు ఆ వెసులుబాటు లేదు. అతని వృత్తే అతని మతాన్ని ప్రకటిస్తుంది. ఊరి పిల్లలకు బాప్తిస్మం ఇచ్చి రిజిస్టరులో వారి రెండో పేరు రాసేది అతడే. ఆ పిల్లలకు మొదటి పేరు మిగిలి ఉంటుంది, అతని పిల్లలకు ఒకటే పేరు. సంఘం మొత్తం పంచుకోవలసిన మూల్యం ఆ ఇంటి పిల్లల మీద ఎక్కువగా పడుతుంది. తమను నడిపించేవాడి పిల్లలు తమకన్నా వెనుకబడడం సంఘానికి తెలుసు. తమ పేర్లు దాచవలసి రావడం పాస్టరుకు తెలుసు. ఇద్దరూ మాట్లాడుకోని ఈ సంగతిలో ఒక నవలకు కావలసిన బరువు ఉంది.

6. ముగింపు:
పాస్టరు మిషన్ జీతగాడు కాబట్టి ధిక్కార సాహిత్యంలో అతనికి చోటు లేకపోవడం సహజమనే వాదం ఉంది. ఆ వాదంలో కొంత నిజం ఉంది. సంఘాల్లోని కులవివక్షనూ, ఆస్తి తగాదాలనూ విస్మరించి పాస్టరును పుణ్యపురుషుడిగా చిత్రించే జీవితచరిత్రలు విమర్శకు నిలవవు. అయితే జీతగాడన్న కారణంతో అతని ఇంటిని వదిలేస్తే, ఆ ఇంట్లో జీతం లేకుండా పనిచేసిన స్త్రీ, ఒకే పేరుతో పెరిగిన పిల్లలు కూడా చరిత్ర నుంచి జారిపోతారు.

అందుచేత పరిశోధన దృష్టి ముద్రిత గ్రంథాలతో ఆగరాదు. బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లు, పాస్టర్ల దినచర్య పుస్తకాలు, చేతిరాత పాటల పుస్తకాలు, అమ్మగార్ల మౌఖిక కథనాలు సాహిత్య ఆధారాలుగా గుర్తింపు పొందాలి. కొల్లేటి తేమకు కాగితం ఎక్కువకాలం నిలవదు. అంతకంటే ముందే, బదిలీ అయిన ప్రతిసారీ కొన్ని కాగితాలు పాత ఇంట్లోనే ఉండిపోతాయి. రూతు వంటి పాత్రను సృష్టించుకున్న సాహిత్యం, అటువంటి స్త్రీలు సజీవంగా ఉండగానే వారి మాట వినవలసి ఉంది.