విడుదల తేదీ

బెయిలు వచ్చిందంటే మనిషి ఇంటికి వచ్చేసినట్టేనని బయట అనుకుంటారు. వకీలుగా నా తొలి రోజుల్లో నేనూ అలాగే అనుకుని, ఒక కుర్రాడి బెయిలు ఉత్తర్వు పట్టుకుని సాయంత్రం లాకప్ వేళకి ముందే జైలు గేటుకి పరుగెత్తాను. కాగితంలో కుర్రాడి ఇంటిపేరు ముందుంది, రిజిస్టర్లో చివరుంది. తండ్రి పేరు ఒకచోట అప్పారావు, ఇంకోచోట అప్పలరాజు. "ఇతనూ అతనూ ఒకడేనని ఎలా నమ్మమంటారు సార్?" అన్నాడు గుమాస్తా. ఒకరికి బదులు ఇంకొకరిని వదిలితే ఆయన ఉద్యోగానికే ముప్పు, అందుకే గట్టిగా మాట్లాడలేకపోయాను. కోర్టు నుంచి దిద్దిన కాగితం వచ్చేసరికి మూడు రాత్రులు గడిచాయి. ఆ మూడు రోజులూ వాళ్లమ్మ గేటు బయట వేపచెట్టు కిందే కూర్చుంది, ఒళ్లో ఉతికిన చొక్కా పెట్టుకుని.

అందుకే జైళ్లలోకి కంప్యూటర్ వచ్చినప్పుడు నేను నిజంగా సంతోషించాను. ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన ఈ-ప్రిజన్స్‌ సాఫ్ట్‌వేర్‌లో ఖైదీ ఫొటో, కేసు నంబరు, సెక్షన్లు, వాయిదా తేదీలు అన్నీ ఒక్కచోట ఉంటాయి. ఇంటివాళ్లు ములాఖత్‌కి ముందుగానే ఆన్‌లైన్‌లో పేరు రాయించుకోవచ్చు. ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చే తల్లికి అదేం చిన్న మేలు కాదు.

కానీ కంప్యూటర్ వచ్చాక కూడా కాగితం కోసం ఎదురుచూపులు ఆగలేదు. 2021లో ఆగ్రా జైల్లో 13 మందికి సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. అయినా ఉత్తర్వు అందలేదంటూ రోజుల తరబడి లోపలే ఉంచారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్‌.వి. రమణ దాన్ని తనంతట తానే విచారణకు తీసుకున్నారు. ఉత్తర్వుల్ని నేరుగా జైలుకి పంపే 'ఫాస్టర్' వ్యవస్థ 2022 మార్చిలో మొదలైంది. ఆ తర్వాత, 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు నాకు ఇంకా ముఖ్యమనిపిస్తాయి. బెయిలిచ్చిన తేదీని జైలు అధికారి ఈ-ప్రిజన్స్‌లో ఎక్కించాలి. ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి తెలియజేయాలి. పూచీ నిలబడే దిక్కులేక లోపలే ఉండిపోయినవాడి గురించి అడిగే బాధ్యత అలా ఒకరి మీద పడింది.

2022 లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలే. కొత్త నాగరిక సురక్షా సంహితలోని 479వ సెక్షన్ ప్రకారం ఇంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడనివాడు, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే బాండు మీద వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు. ఆ గడువు తీరగానే కోర్టుకి రాయాల్సింది జైలు సూపరింటెండెంటే. వందల మందికి ఈ లెక్క చేతితో వేయడం కుదిరే పని కాదు. కంప్యూటర్‌కి అది క్షణం పని. కాకపోతే సెక్షన్ సరిగ్గా ఎక్కించి ఉండాలి.

ఈమధ్య న్యాయసహాయం పని మీద ఒక జైలుకి వెళ్లాను. దొంగతనం కేసులో ఉన్న ఒకతను మడతలు నలిగిన చీటీ తీసి చూపించాడు. గుమాస్తాని బతిమాలి స్క్రీన్ మీద తన గడువు తీరే తేదీ చూసి రాయించుకున్నాడట. "ఇది కరెక్టేనా సార్?" అన్నాడు. అరెస్టు నాటికి ఇంట్లో చేసిన దొంగతనమని న్యాయ సంహితలోని 305వ సెక్షన్ పెట్టారు. దానికి ఏడేళ్లు, మూడో వంతంటే రెండేళ్ల నాలుగు నెలలు. ఛార్జిషీటుకొచ్చేసరికి అది మామూలు దొంగతనంగా, 303 కింద మూడేళ్లకి తగ్గింది. ఆ మార్పు కంప్యూటర్లో ఎవరూ ఎక్కించలేదు. అంటే అతనికి ఒక్క ఏడాది చాలు.

ప్రతి నెలా మొదటి తారీఖున ప్రతి విచారణ ఖైదీ చేతికీ అతని సెక్షనూ, గడువు తీరే తేదీ తెలుగులో అచ్చేసి ఇవ్వమని ఆ రోజే అర్జీ రాశాను. చదువు రానివాడికి పక్కవాడు చదివి చెబుతాడు.

ఆ చీటీ అతను చూపించే నాటికి, లోపలికొచ్చి పద్నాలుగు నెలలు.