కొవ్వు గాదెకు కాపలా

‘కొవ్వు కరిగింది’ అనగానే పొయ్యి పక్కన పెట్టిన నేతిగిన్నె కళ్లముందు మెదులుతుంది. ఆ బొమ్మను నమ్మే కొందరు నడకకు బయల్దేరేముందు పొట్టకు ప్లాస్టిక్ కవరు చుట్టుకుంటారు. చెమటతో పోయేది నీళ్లు. ఇంటికొచ్చి రెండు గ్లాసులు తాగితే మళ్లీ వచ్చి చేరతాయి. ఒంట్లో కొవ్వును గాదెలో గింజల్లా కొలిచి తీయాల్సిందే. ఆ తీసే తీరులోనే ఉంది పనితనమంతా.

ముందు గాదె ఎంత పెద్దదో చూద్దాం. 12 కిలోల కొవ్వున్న మనిషి దగ్గర, గ్రాముకు 9 కేలరీల లెక్కన, లక్షకు పైగా కేలరీలు మూలుగుతుంటాయి. కాలేయంలో, కండరాల్లో గ్లూకోజ్ నిల్వగా ఉండే గ్లైకోజెన్ అంతా కలిపినా సుమారు 500 గ్రాములు, అంటే 2 వేల కేలరీలు. ఇది జేబులో చిల్లర. చిల్లర నిండుకోకముందే గాదె తెరవాలి. అలాగని తలుపులు బార్లా తీసి ఉంచితే అక్కర్లేని కొవ్వు ఆమ్లాలు నెత్తుట్లో చేరి, కాలేయంలోనూ కండరాల్లోనూ పేరుకుంటాయి. అందుకే గడపగడపకూ తాళం.

మొదటి తాళం కొవ్వు కణంలో. కణం నడుమ పెద్ద నూనెబొట్టు, దాని చుట్టూ పెరిలిపిన్ అనే ప్రొటీన్ తెర. నాలుగడుగులు వడిగా వేయగానే నరాల నుంచీ అడ్రినలిన్ నుంచీ కబురు అందుతుంది. పెరిలిపిన్ మీద ఫాస్ఫేట్ ముద్ర పడుతుంది. అది తాను పట్టి ఉంచిన సహాయక ప్రొటీన్‌ను వదిలేస్తుంది. ఇక కోత మొదలు. ఒక్కో కొవ్వు అణువులో గ్లిసరాల్ కాడకు మూడు కొవ్వు ఆమ్లాలు వేలాడుతుంటాయి. మొదటిదాన్ని ఏటీజీఎల్ తెంపుతుంది, రెండోదాన్ని హెచ్‌ఎస్‌ఎల్, మూడోదాన్ని మరో ఎంజైమ్. మొదటి కోత కోసే ఏటీజీఎల్ 2004 దాకా శాస్త్రవేత్తల కంటపడనే లేదు. దాని పనంతా హెచ్‌ఎస్‌ఎల్ ఖాతాలోనే రాశారు. భోజనం చేశాక పెరిగే ఇన్సులిన్ ఈ కబురును మధ్యలోనే తుంచేస్తుంది. గాదె నింపే వేళ గింజలు తీయడం ఉండదు.

తెగిన కొవ్వు ఆమ్లానికి నీళ్లంటే గిట్టదు కాబట్టి ఆల్బుమిన్ దాన్ని భుజాన మోసి కండరానికి చేరుస్తుంది.

అసలు ముచ్చట అక్కడుంది. కొవ్వును మండించే మైటోకాండ్రియా గడప దాటాలంటే పొడవాటి కొవ్వు ఆమ్లం కార్నిటైన్ చేయి పట్టుకోవాలి. ఆ చేయి కలిపేది సీపీటీ1 అనే ఎంజైమ్. దాన్ని ఆపేది మలోనైల్ కోఏ. ఈ మలోనైల్ కోఏ మరేదో కాదు, కొత్త కొవ్వు తయారీకి ముడిసరుకు! సరుకు పోగవుతోందంటే ఇల్లు నింపుకుంటున్నారని అర్థం. ఒక చేత్తో పోస్తూ మరో చేత్తో తగలబెట్టడం తగదు. కాపలాకు వేరే మనిషిని పెట్టకుండా ముడిసరుకు చేతికే తాళంచెవి ఇచ్చింది శరీరం. డల్లాస్‌లో మెక్‌గారీ, ఫాస్టర్ బృందం 1977లో కాలేయంలో ఈ కిటుకును బయటపెట్టింది. కండరం కొవ్వును పెద్దగా తయారుచేసుకోదు, అయినా ఇదే తాళాన్ని వాడుకుంటుంది. మనం నడుస్తున్నప్పుడు శక్తి తరుగుతోందని ఏఎంపీకే అనే ఎంజైమ్ పసిగట్టి మలోనైల్ కోఏ తయారీకి కళ్లెం వేస్తుంది. తాళం సడలుతుంది.

వేగం పెంచుకుంటూ పోతే కొవ్వు ఇంకా ఇంకా మండుతుందా? 1993లో అచ్చయిన ఒక అధ్యయనంలో సాధన చేసిన సైక్లిస్టులను వారి గరిష్ఠ ఆక్సిజన్ సామర్థ్యంలో 25, 65, 85 శాతాల దగ్గర తొక్కించారు. కొవ్వు అన్నిటికంటే ఎక్కువ మండింది 65 దగ్గర. 85కు చేరేసరికి తగ్గిపోయింది. అంత తొందరలో శక్తిని వెంటనే అందించగలిగేది చిల్లరే. పైగా గ్లూకోజ్ వరదలో కార్నిటైన్‌కు చేతులు ఖాళీ ఉండవు.

సాధన ఈ కార్ఖానానే పెంచుతుంది. సెయింట్ లూయిస్‌లో జాన్ హలోసీ ఎలుకలను వారాల తరబడి పరిగెత్తించి, వాటి కండరాల్లో మైటోకాండ్రియా శక్తి దాదాపు రెట్టింపైందని 1967లో చూపాడు. ఓర్పు పరుగులు చేసేవారి కండరాల్లో చిన్న చిన్న కొవ్వుబొట్లు మైటోకాండ్రియాను ఆనుకుని కూర్చుంటాయి, వంటింటి గట్టు మీది డబ్బాల్లా. అదే వేగానికి సాధకుడి ఒళ్లు కొవ్వును ఎక్కువ వాడి, చిల్లరను దాచుకుంటుంది.

ఇన్ని తాళాలూ తెరుచుకున్నాక, మామూలు మనిషి తనకు సరిపడ్డ వేగంలో నిమిషానికి తీసేది సుమారు అర గ్రాము. గంటకు 30 గ్రాములు, రెండు పెద్ద చెంచాల నెయ్యి. 10 కిలోల కొవ్వు మండితే అందులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరితో పోతుంది, మిగతాది నీరు. పొట్టకు కవరు చుట్టుకున్న పెద్దమనిషి చెమట తుడుచుకుంటూ బెంచీ మీద కూర్చుని ఆయాసపడుతుంటాడు. ఆయన పోగొట్టుకోవాలనుకున్నది ఆ ఆయాసంలోనే పోతోంది.