గోదావరి గాలికి గడ్డి గోడ ఆగుతుందా?

ఇల్లు కట్టుకోబోయే కుర్రాళ్లు ఈమధ్య నన్ను గడ్డి గురించి అడుగుతున్నారు. కోత మిషను వెళ్లాక చేలో గడ్డికి నిప్పు పెట్టేస్తున్నారు కదా, దాన్ని కట్టలుగా నొక్కించి ఇటుకల్లా పేర్చి గోడ లేపితే చల్లగా, చవగ్గా ఉండదా అని. వీడియోలు కూడా చూపిస్తారు. ముచ్చటైన ఇళ్లే, కాదనను. అవి ఏ ఊళ్లో ఉన్నాయో మాత్రం ఎవరూ చూడరు.

ఈ పద్ధతి పుట్టింది అమెరికాలో, నెబ్రాస్కా ఇసుక దిబ్బల సీమలో. పందొమ్మిదో శతాబ్దం చివర గడ్డి కట్టలు కట్టే యంత్రాలు వచ్చాక, కలప దొరకని రైతులు ఆ కట్టలతోనే ఇళ్లు కట్టుకున్నారు. ఆర్థర్ అనే ఊళ్లో 1928లో అలా కట్టిన చర్చి ఇప్పటికీ ఉంది. మన గోదావరి జిల్లాల్లో పడే వానలో సగం కూడా అక్కడ పడదు. చలి మాత్రం ఎముకలు కొరికేస్తుంది. లోపలి వెచ్చదనాన్ని బయటికి పోనివ్వని అడుగున్నర మందం గోడ అక్కడివాళ్లకు వరమే.

మన సంగతి తెలియాలంటే పెరట్లో గడ్డిమేటును చూస్తే చాలు. పెద్దవాళ్లు నేల మీద నేరుగా మేటు వేసేవాళ్లు కాదు. మట్టి పోసి అరుగులా ఎత్తు చేసి, తాటి మట్టలు పరిచి, ఆపైన గడ్డి. వాన జారిపోయేలా పైభాగాన్ని ఏటవాలుగా దిద్దేవారు. వానలు వెళ్లాక చెయ్యి పెట్టి లాగితే పైపైన జానెడు మందాన నల్లబడి చివికిపోయి ఉంటుంది, లోపల మాత్రం పచ్చగా, పొడిగా. అదే సరిగ్గా ఆరని గడ్డిని మేటు వేశారా, నడుమ వేడి పుట్టి, బూజు పట్టి, పశువు కూడా ముట్టదు. గోడలోని గడ్డికీ ఇదే న్యాయం. బరువులో 20 శాతం దాటి తేమ చేరి, వారాల తరబడి ఆరకపోతే కుళ్లు మొదలవుతుంది.

పైనుంచి పడే వానను ఆపొచ్చు. పునాది రెండడుగులు లేపాలి, చూరు బాగా దించాలి. (చుట్టిళ్లలోకి వంగి వెళ్లాల్సినంత కిందికి తాటాకు ఎందుకు దించారో ఉత్తరాంధ్ర తీరం వాళ్లకు చెప్పక్కర్లేదు.) వరిగడ్డిలో సిలికా ఎక్కువ కాబట్టి నిదానంగా కుళ్లుతుంది, అదీ కలిసొచ్చేదే. కానీ వానాకాలమంతా గాలే తడిగా ఉంటే గోడ ఎప్పుడు ఆరాలి? తుఫానులో జల్లు పక్కనుంచి కొడుతుంది, దానికి చూరు చాలదు. అందుకని సిమెంటు ప్లాస్టరింగ్ చేయించడం ఇంకా నష్టం. పగుళ్లలోంచి లోపలికి దిగిన నీరు మళ్లీ బయటికి రాదు. సున్నమో మట్టో పూస్తేనే గోడకు ఊపిరాడేది. చెదల ఊసు, ఎలకల ఊసు నేనింకా ఎత్తనేలేదు.

చల్లదనం దగ్గరే అసలు మెలిక. మన తీరంలో రాత్రి కూడా ఉక్కే. హాయినిచ్చేది నీడ, ఎదురెదురు కిటికీలు, వీచే గాలి. కిటికీలన్నీ తెరిచి పెట్టాక గోడ ఎంత మందముంటే ఏం? ఏసీ పెట్టుకుంటాం కదా అంటారా, అప్పుడు బయటి తేమ గోడలోంచి చొచ్చుకొచ్చి, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టు, చల్లబడిన లోపలి పూత వెనక నీరై చేరుతుంది. కంటికి కనబడదు. వాసన వచ్చేసరికి గడ్డి పోయినట్టే.

పోనీ అనంతపురంలో కడదామా? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, పొడి గాలి. గోడకు అనువైన చోటే. కానీ కరువొస్తే అక్కడ పశువులకే గడ్డి చాలదు, బయటి జిల్లాల నుంచి లారీల్లో రావాలి. ఆ గడ్డిని గోడలో పెడతానంటే రైతు ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

కాబట్టి డెల్టాలో కట్టల ఇల్లు వద్దనే అంటాను. గడ్డిని తరిగి బంకమట్టిలో తొక్కి గోడకు మెత్తండి, మట్టి పగుళ్లివ్వకుండా పట్టి ఉంచుతుంది. కాదు, కట్టి తీరతామంటే ముందు పెరట్లో చిన్న గది కట్టండి. రెండు వానాకాలాలు పోనిచ్చి, జల్లు కొట్టే వైపు గోడ అడుగున బెజ్జం వేసి గడ్డి లాగి చూడండి. నల్లబడి ఉంటే ఇటుకలకు చెప్పేయండి.