గుల్ల పూసల పనితనం

ఒక్క గ్రాము పూసలు. అరచేతిలో పోసుకుంటే సగ్గుబియ్యం నూకలా ఉంటాయి. మేలురకానివైతే వాటి లోపలి గోడలన్నీ విప్పి నేలమీద పరచడానికి ఆరేడు వందల గజాల స్థలం కావాలి. ఈ రోజుల్లో అంత జాగా అంటే మాటలా! ద్రావణంలోంచి కావలసిన అణువులను పట్టి ఆపేది ఆ గోడలే. స్టైరీన్, డైవినైల్‌బెంజీన్ అనే ద్రవాలతో ఇలాంటి గుల్ల పూసలను 1950ల చివరి నుంచి చేస్తున్నారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ పనికి ఎమల్షన్‌ను, అంటే ఒక ద్రవంలో ఇంకో ద్రవం బొట్లుగా చెదిరిన మిశ్రమాన్ని, మించిన మూస లేదని నా వాదన.

చూడటానికి పద్ధతి సులువే. ఆ రెండు ద్రవాల్లో బెంజాయిల్ పెరాక్సైడ్‌ను, దానితోపాటు చర్యలో పాల్గొనని ఇంకో ద్రవాన్ని కలుపుతారు. పాలీవినైల్ ఆల్కహాల్ కరిగిన నీటిలో ఆ మిశ్రమాన్ని పోసి, కవ్వంతో చిలికినట్టు తిప్పుతూ 70–80 డిగ్రీల దాకా వేడిచేస్తారు. చెదిరిన ప్రతి బొట్టూ పూసగా గట్టిపడుతుంది. బొట్లు ఇంత పెద్దవైతే దీన్ని సస్పెన్షన్ అనాలని పండితులు సరిదిద్దుతారు. వంట మాత్రం ఒకటే. కిటుకంతా ఆ పనిచేయని ద్రవంలో ఉంది. హెప్టేన్ పోస్తే, పెరుగుతున్న పాలిమర్ గొలుసులు అందులో ఇమడలేక తొందరగా విడిపోయి చిన్నచిన్న ఉండలు కడతాయి. ఆ ఉండల మధ్య సందులే పెద్ద రంధ్రాలు. టోలుయీన్‌తో గొలుసులకు పొత్తు కుదురుతుంది, ఆలస్యంగా విడిపోతాయి, రంధ్రాలు సన్నబడతాయి. చివర ద్రవాన్ని కడిగేస్తే దాని చోటు ఖాళీగా మిగులుతుంది. గొలుసులను అడ్డంగా ముడివేసే డైవినైల్‌బెంజీన్ చాలకపోతే ఆ ఖాళీ కూలిపోతుంది.

దిమ్మగా పోతపోసి దంచుకుంటే పోదా అనవచ్చు. పాలిమర్ తయారయ్యేటప్పుడు పుట్టే వేడి దిమ్మలో చిక్కుకుంటుంది. ఇక్కడైతే చుట్టూ ఉన్న నీరు దాన్ని లాగేస్తుంది. పైగా దంచిన పలుకులను గొట్టంలో నింపితే నూక అడ్డుపడుతుంది. చిలికితే బొట్లన్నీ ఒకే సైజులో రావన్న అభ్యంతరం దీనికంటే బరువైనది. పెద్ద రేణువులను ఒకే సైజులో చేయాలంటే గురుత్వాకర్షణ అడ్డమని 1982లో కొలంబియా షటిల్‌లో ఆ ప్రయోగం జరిపారు. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో జాన్ ఉగెల్‌స్టాడ్ అంతకుముందే, 1970ల చివర్లో, నేలమీదే దారి కనిపెట్టాడు. ఒకే సైజు విత్తన రేణువులకు ముందు నీటిలో దాదాపు కరగని ఒక పదార్థాన్ని పట్టించాడు. అప్పుడవి స్టైరీన్ లాంటి ముడి ద్రవాన్ని (మోనోమర్‌ను) తమ పరిమాణానికి వందల రెట్లు పీల్చుకుని సమానంగా ఉబ్బాయి. అలా చేసిన గుల్ల పూసల రంధ్రాల్లో ఐరన్ ఆక్సైడ్ నింపితే, ఎముక మజ్జలోంచి క్యాన్సర్ కణాలను అయస్కాంతంతో ఏరివేయడానికి పనికొచ్చాయి.

చివరికిది ప్లాస్టిక్ రేణువే కదా అన్నమాటను మాత్రం తోసిపుచ్చలేం. ఉత్పత్తుల్లో కావాలని కలిపే మైక్రోప్లాస్టిక్‌లపై 2023లో ఐరోపా సమాఖ్య ఆంక్షలు పెట్టింది. కడిగి పారబోసే సౌందర్య సాధనాల్లో ఇవెందుకో నాకూ అర్థం కాదు. అపార్ట్‌మెంట్ సాఫ్ట్‌నర్‌లో ఉప్పునీటితో కడుగుతూ ఏళ్ల తరబడి వాడే రెజిన్ సంగతి వేరు. అదీ ఈ వంశానిదే, కాకపోతే సాధారణంగా ఇంత గుల్లగా ఉండదు. అసలు ఎమల్షన్‌కు స్టైరీనే కావాలన్న పట్టింపూ లేదు. 1997లో అమెరికాలో డేవిడ్ ఎడ్వర్డ్స్, రాబర్ట్ లాంగర్ బృందం ఒంట్లో కరిగిపోయే పాలిమర్‌ను తీసుకుంది. దాని ద్రావణంలో నీటిబొట్లను చెదరగొట్టి, ఆ మొత్తాన్ని మళ్లీ నీటిలో చెదరగొట్టి, గుల్ల రేణువులు చేసింది. తేలికవి కాబట్టి పీల్చిన గాలితోపాటు ఊపిరితిత్తుల లోతుకు చేరాయి. పెద్దవి కాబట్టి అక్కడి రక్షక కణాలకు సులువుగా మింగుడుపడలేదు. వాటిలో పెట్టిన ఇన్సులిన్ ఎలుకల్లో 96 గంటల పాటు చక్కెరను అదుపులో ఉంచింది.