సాయన్న కథలోకి ఎస్సై

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ నుంచి సిటీలోకి వస్తున్నా. క్యాబ్‌లో ‘భీమ్లా నాయక్’ టైటిల్ సాంగ్ మొదలైంది. కిన్నెర వినబడగానే డ్రైవర్ వాల్యూమ్ పెంచాడు. తనది నాగర్‌కర్నూల్ దిక్కు. “చిన్నప్పుడు మా ఊర్ల కిన్నెర మీద పండుగల సాయన్న కథ ఇన్న సార్. గిప్పుడు పోలీసాయన పాటైంది” అని నవ్వాడు. ఈ పాట గురించి నేను చదివిన ఏ రివ్యూలోనూ ఆ మాట లేదు.

2021 సెప్టెంబర్‌లో వచ్చిన ఈ పాటకి సంగీతం తమన్. మొదట్లో వినిపించే గొంతు, కిన్నెర దర్శనం మొగిలయ్యవి. ఎండిన సొరకాయ బుర్రలు, వెదురుబొంగు, దానిమీద పన్నెండు మెట్లు. డక్కలివారు తరతరాలుగా భుజాన మోసిన వాద్యం. పాలమూరులో దానిమీద పాడే కథల్లో పేరున్నది సాయన్నది: నిజాం కాలంలో ఉన్నోళ్ళని దోచి లేనోళ్ళకి పెట్టిన మనిషి.

సినిమా పాట ఆ కథల పద్ధతినే పట్టుకుంది. పుట్టిన తండా, అమ్మ, నాయన, తాత... వరసగా చెప్పి పేరు దగ్గరకొస్తుంది. తేడా ఒక్కటే. ఇక్కడ హీరో దొంగ కాదు, ఎస్సై.

1937లో కెంటకీలో బిల్ స్టెప్ అనే ఫిడేలు వాయిద్యకారుడు ‘బోనపార్ట్స్ రిట్రీట్’ అనే పాత బాణీని వాయిస్తే, అలన్ లోమాక్స్ రికార్డు చేశాడు. మిగతావాళ్ళు నెమ్మదిగా నడిపించే బాణీని స్టెప్ పరుగెత్తించాడు. రూత్ క్రాఫర్డ్ సీగర్ దాన్ని కాగితం మీద పెట్టింది. ఆరన్ కోప్లాండ్ 1942లో ‘రోడియో’ బ్యాలేలోకి తీసుకున్నాడు. చివరికది గొడ్డుమాంసం యాడ్‌లో మోగింది. బాణీ దేశమంతా తెలుసు, స్టెప్ పేరు కొద్దిమందికే తెలుసు.

మొగిలయ్యకి అలా జరగలేదు. గొంతు తనదే, పేరూ దక్కింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. అది చిన్న సంగతేం కాదు. కానీ స్టెప్ విషయంలో బాణీ మిగిలి పేరు పోయింది. ఇక్కడ పేరు మిగిలి కథ పోయింది.

జానపదం మారుతూనే ఉంటుంది కదా అంటారు. నిజమే, సాయన్న కథా ఒక్కో నోట ఒక్కోలా ఉంటుంది. అయితే మార్చింది పాడేవాడా, పాడించుకున్నవాడా? నాకు ఈ పాట ఇష్టమే. అందుకే అడుగుతున్నా.

“సాయన్న కథ గుర్తుందా అన్నా?” అన్నాను. “ముక్కలు ముక్కలే సార్” అన్నాడు. పాట బంద్ చేసి, ఆరాంఘర్ దాకా గుర్తున్నంత పాడాడు. రెండు చోట్ల మర్చిపోయాడు.