ఎరువు పోయే రెండవ దారి

పైరుకు అందని ఎరువు వాననీటితో చెరువు చేరుతుందనీ, అక్కడ నాచు పెరిగి కుళ్ళగా నీటిలోని ఆమ్లజని తరిగి చేపలు చచ్చిపోతాయనీ విద్యార్థులు చదువుతూ ఉంటారు. ఇది నిజమే. అయితే ఎరువు పొలాన్ని విడిచిపోవడానికి కంటికి కనబడని మరొక దారి ఉన్నది. అది నేలలోనికి పోయే దారి. దానిని లెక్కగట్టి చూపిన రచనలలో కాలిఫోర్నియా త్రాగునీటిలోని నైట్రేటును గురించి 2012లో వెలువడిన నివేదిక పేర్కొనదగినది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ హార్టర్, జే లండ్ ప్రభృతులు దీనిని రచించారు. టులారీ సరోవర ప్రాంతమూ, లెట్యూస్ మొదలైన కూరలకు ప్రసిద్ధికెక్కిన సాలినస్ లోయా వారి పరిశీలనకు లోనైనవి.

భాస్వరం చాలవరకు మట్టి రేణువులను అంటి ఉండి, మట్టి కోసుకొనిపోయినప్పుడు దానితో పోతుంది. నైట్రేటు సంగతి వేరు. దానిది ఋణావేశం, బంకమట్టి రేణువులదీ ముఖ్యంగా ఋణావేశమే. అందువల్ల నేల దానిని పట్టి ఉంచలేదు. తడిపెట్టిన నీటితో అది వేళ్ళను దాటి దిగిపోతుంది. లెట్యూస్ వంటి కూరమొక్కలకు వేళ్ళు లోతుకు పోవు. ఒకే మడిలో ఏడాదికి ఒకటికి మించి పంటలు తీస్తారు. కనుక అక్కడ ఈ నష్టం హెచ్చు.

నివేదికలోని ప్రధాన గుణం జమాఖర్చుల పద్ధతి. పొలానికి చేరిన నత్రజని నుండి పంటతో పోయినదీ, గాలిలో కలిసినదీ, పైనీటితో పారినదీ తీసివేయగా మిగిలినది భూగర్భజలానికి చేరినట్లు లెక్క. ఆ జలంలోనికి మానవ కార్యకలాపాల వల్ల చేరే నత్రజనిలో 96 శాతం సాగుభూముల నుండి వస్తున్నదని తేలినది.

ఈ అంకెను వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. తీసివేతలో మిగిలిన శేషం కనుక ప్రతి పద్దులోని పొరపాటూ ఇందులో చేరుతుంది. పైగా 96 శాతమూ రసాయనిక ఎరువు కాదు. సాగుభూములకు చేరిన నత్రజనిలో సుమారు మూడవ వంతు పశువుల ఎరువుది. రెండు ప్రాంతాలను కలిపి చెప్పిన ఈ అంకెను సాలినస్ కూరమళ్ళకు యథాతథంగా అంటగట్టడం సరికాదు. పాల పశువుల మందలు ముఖ్యంగా టులారీ ప్రాంతంలోనివి.

ఈ లోపం నివేదిక సారాన్ని తగ్గించదు. ఆ ప్రాంతాలలో సుమారు 2,54,000 మంది త్రాగునీటికి నైట్రేటు ప్రమాదం ఉన్నదని అది తెలిపినది. లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేటు అక్కడి హద్దు. భారతదేశపు ప్రమాణమూ అంతే. హద్దు మీరిన నీరు పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గించగలదు. కాచినంత మాత్రాన నైట్రేటు పోదు. నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. నేడు బావిలో కనిపించే నైట్రేటు దశాబ్దాల క్రిందటి ఎరువుది కావచ్చును. భూగర్భజలాన్నంతటినీ శుద్ధిచేయడం అసాధ్యం కనుక, తోడిన నీటిలోని నైట్రేటునే ఎరువుగా లెక్కగట్టి, ఆ మేరకు కొత్త ఎరువును తగ్గించడమనే ఉపాయాన్ని రచయితలు సూచించారు.

నల్లబల్లపై చెరువు వైపు బాణం గీసే ఉపాధ్యాయుడు ఇకమీదట నేలలోనికి మరొక బాణం గీయడం అవసరం. ఆ రెండవ బాణం చివర ఉన్నది ఊరి బావి.